వాసన చూడని రోజా

చిత్తూరు,
ఆగస్టు 9

బావగారికి నమస్కారాలు.

ఫోను చేస్తే మీరు ఎత్తరు. ఎత్తినా ‘ఊఁ’ అంటారు, ‘సరే’ అంటారు. మీరు అన్నం తిన్నారో లేదో ఆ రెండు మాటల్లో నాకు తెలియడం లేదు. అందుకే జాబు రాస్తున్నాను. అక్కా నేనూ ఎప్పుడూ జాబులే రాసుకునేవాళ్ళం. రెండు గంటల బస్సు దారికి ఉత్తరాలేమిటని మీరు నవ్వేవారు. ఇప్పుడు అక్క లేదు, తన వంతు మీకు వచ్చింది. జవాబు రాయాల్సిందే.

మిద్దె మీద అక్క రోజాలు ఎట్లా ఉన్నాయి? సాయంత్రం నీళ్ళు పోయకండి. ఆకు తడిగా ఉండి రాత్రి గడిస్తే నల్లమచ్చ వస్తుంది. మా ఆయన కోర్టు పనిమీద తిరుపతి వచ్చినప్పుడు మీ పక్కింటి మునిరత్నమ్మ బస్టాండులో కనిపించిందట. ‘మీ సామి మిద్దె ఎక్కితే దిగడు. ఆ చెట్లతో మాట్లాడతా ఉండాడో, పోట్లాడతా ఉండాడో తెలీడం లేదబ్బా’ అనిందట.

మా శ్రీవేదకు ఇది డిగ్రీ చివరి ఏడాది. పోయిన సంవత్సరం అక్క చేసిచ్చిన రోజారేకుల గుల్కందు సీసా అడుగున రెండు చెంచాలు మిగిలింది. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. తనూ తినడం లేదు.

ఒక మాట. అక్కకు మొదట్లో ఆ గడ్డ నొప్పిగా ఉండేదా? ఊరికే అడుగుతున్నాను. మా స్కూల్లో ఒక టీచరు అడగమంది. ఆమెకు ఏదో అనుమానం.

మీ మరదలు
వల్లి


తిరుపతి,
ఆగస్టు 20

చి. సౌ. వల్లికి ఆశీస్సులు.

జాబు అందింది. అన్నం తింటున్నాను.

మొక్కలకు ఉదయమే నీళ్ళు పోస్తున్నాను. రెండు ఎండిపోయాయి. మిగిలినవి పూయడం లేదు. పెరుందేవి హోసూరు నర్సరీ నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన ముదురెరుపు రోజా ఉంది కదా, మూలన పెద్ద తొట్టిలో, అది మాత్రం బాగుంది. అడుగు నుంచి కొత్త కొమ్మలు లేచి నా భుజం దాకా వచ్చాయి. మొగ్గ లేదు. అయినా ఇంత ఏపుగా అది ఎన్నడూ పెరగలేదు. తను పోయిన ఇంట్లో ఒకటైనా పుంజుకుంటోందని రోజూ వెళ్ళి చూస్తున్నాను.

పెరుమాళ్ళకు బజారు పూలు పెడుతున్నాను. వాటిని దారిలో ఎవరు వాసన చూశారో తెలియదు. తను ఉంటే ఒప్పుకునేది కాదు.

మునిరత్నమ్మ మాట నిజం కాదు. పోట్లాడడం లేదు.

శఠగోపం


చిత్తూరు,
సెప్టెంబరు 4

బావగారికి నమస్కారాలు.

మీ జాబు చదివితే దేవస్థానం ఆఫీసులో ఫైలు మీద మీరు రాసే నోటులాగే ఉంది. అయినా రాశారు, అది చాలు.

కానీ ఆ కొత్త కొమ్మల సంగతి చదివి భయపడ్డాను. వెంటనే మిద్దె ఎక్కి చూడండి. కాండం అడుగున బుడిపెలాగా అంటు కట్టిన ముడి ఉంటుంది. కొమ్మలు ముడి పైనుంచి వచ్చాయా, కిందినుంచా? ఒక్కో ఈనెకు ఆకులు ఎన్ని? పెద్ద రోజాకు మామూలుగా ఐదు ఉంటాయి. ఏడు ఉండి, రంగు లేతగా ఉండి, సన్నముళ్ళు ఒత్తుగా ఉంటే అది మన రోజా కాదు. ఆ ఎర్ర రోజా తన వేరు మీద తాను బతకదు బావా. అడవి రోజా వేరు మీద దాన్ని అంటు కడతారు. ఆ వేరు ఊరుకోకుండా సొంతంగా కొమ్మలు వేస్తే సారమంతా వాటికే పోతుంది. పైన అక్క రోజా ఎండిపోతుంది. అంత ఏపుగా, మొగ్గ లేకుండా పెరిగేది బలం కాదు. పైదాన్ని తినేస్తోందన్నమాట.

కత్తెరతో కోస్తే మళ్ళీ వస్తుంది. మన్ను తవ్వి, వేరు దగ్గర పట్టుకుని పెరికేయండి. అట్లాగే మిగతా మొక్కల కొమ్మలు వచ్చే నెల మొదట్లో సగానికి కత్తిరిస్తే ధనుర్మాసానికి పూలు అందుతాయి. అక్క అట్లాగే చేసేది.

అక్క ఆ రోజాలను చెట్టు మీద ఒక్కసారైనా వాసన చూడలేదు, మీరు గమనించారా? కోసేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకునేది. వాసన చూసిన పువ్వు స్వామికి పనికిరాదు కదా. మరునాడు నిర్మాల్యం తీసినప్పుడు, వాడిన రేకులు చేతిలో పోసుకుని, అప్పుడు చూసేది. మేం కొండ మీద పుట్టి పెరిగినవాళ్ళం. తిరుమలలో పూలన్నీ స్వామివే, జడలో పెట్టుకోకూడదు. నాయన మమ్మల్ని కిందికి తీసుకొచ్చినప్పుడల్లా అలిపిరి దగ్గర దిగీ దిగగానే అక్క ఒక ఎర్ర రోజా కొనిపించి నా జడలో పెట్టేది. తను పెట్టుకునేది కాదు. ‘నాకు అలవాటు తప్పిందే’ అనేది. అప్పటికి దానికి పన్నెండేళ్ళు!

ఆ టీచరు మళ్ళీ అడిగింది, నొప్పి ఉండేదా అని. మీరు రాయడం మరిచిపోయినట్టున్నారు.

వల్లి


తిరుపతి,
అక్టోబరు 6

చి. సౌ. వల్లికి ఆశీస్సులు.

నువ్వు చెప్పిందే నిజం. ముడి కింద నుంచే. ఏడేసి ఆకులు. అక్క రోజా కాండం పైన సగం దాకా నల్లబడి ఉంది. అది చస్తుంటే నేను రోజూ పొద్దున నిలబడి సంతోషించాను.

మన్ను తవ్వి పెరికేశాను. తేలిగ్గా రాలేదు. కుడి చేతికి ముళ్ళు దిగాయి. మిగతా మొక్కలు కూడా కత్తిరించాను. కత్తెర ఎప్పుడూ తనది. నేను బకెట్టు పట్టుకునేవాణ్ణి.

మీ టీచరు అడిగిన దానికి జవాబు. నొప్పి ఉండేది కాదు. ఉంటే నాకు చెప్పేది. వేడిగడ్డ అనుకుని పసుపు రాసుకుంది. నాకు తెలిసేటప్పటికి ముందటేడు ధనుర్మాసం వచ్చింది. నెల పొడుగునా గోదాదేవికి తన చేతి రోజా పెడతానని మొక్కు. ‘ధనుర్మాసం పోనీండి, చూపించుకుంటా’ అంది. నెల పోయింది. తర్వాత జరిగింది నీకు తెలుసు.

మీ టీచరును వెంటనే చూపించుకోమను.

శఠగోపం


చిత్తూరు,
అక్టోబరు 19

బావగారికి నమస్కారాలు.

ఆ టీచరుకు చెప్పాను. సరే అంది.

కత్తిరించిన కొనలకు పసుపు ముద్ద పెట్టారా? లేకపోతే కొమ్మ పైనుంచి కిందికి ఎండుకుంటూ వస్తుంది. ఈ వానలకు తొట్టిలో నీళ్ళు నిలవకుండా చూడండి. చిగురు ఎర్రగా వస్తే భయం లేదు. ఆకుపచ్చగా, అడుగునుంచి వస్తే మళ్ళీ పెరకాలి.

ఇక్కడ విశేషాలేమీ లేవు. నేను కొంచెం లావయ్యాను. రవికెలు వదులుగా కుట్టించుకుంటున్నాను. శ్రీవేద, ‘అమ్మా, వారం వారం పోస్టాఫీసుకు పోతా ఉండావు, ఆ పోస్టుమాస్టరు నీకు పెన్షనేమన్నా ఇస్తాడా?’ అని ఎగతాళి చేస్తోంది. రాత్రి పడుకునేముందు వచ్చి నా పక్కన చేరుతుంది. ఇంత పెద్ద పిల్ల. ఈ మధ్య నేను దాన్ని కుడివైపుకు పడుకోమంటున్నాను.

ముల్లు బయటికి వచ్చిందా?

వల్లి


తిరుపతి,
నవంబరు 5

చి. సౌ. వల్లికి ఆశీస్సులు.

చిగుళ్ళు వచ్చాయి. ఎరుపే. మూలన ఉన్నదానికి కూడా ముడి పైన ఒకటి కనిపిస్తోంది. చిన్నది.

మిద్దె మెట్ల మీద కాలు జారింది. కుడి ముంజేయి బెణికింది. పుత్తూరు పోయి కట్టు వేయించుకున్నాను. ఎవరో చెప్పగా నీకు తెలియడం కంటే నేనే రాయడం మేలని రాస్తున్నాను. కంగారు పడవద్దు. పుత్తూరు కట్టు చూస్తే ఎవరూ పెద్దగా అడగరు. ఎట్లా పడ్డావు అంటారు, జాగ్రత్త అంటారు, పోతారు.

మునిరత్నమ్మ మాత్రం ఊరుకోలేదు. ‘ఏం సామీ, కోడిగుడ్డు గడప తొక్కని ఇంట్లో కోడిగుడ్డు కట్టా! మా తమ్ముడు రామలింగయ్యకు ఆ కట్టు కట్టిన నెలంతా పిల్లి, వాళ్ళ నాయన వెంట పోయినట్టు వెంటే తిరిగింది. మీ మిద్దె మీద తలుపేసుకో’ అంది.

పనులకు ఇబ్బంది లేదు. ఉదయం పెరుమాళ్ళ తిరువారాధన నేనే చేసుకుంటున్నాను. వంట కూడా. నువ్వు రావద్దు. శ్రీవేద చదువు పాడవుతుంది.

శఠగోపం


చిత్తూరు,
నవంబరు 14

బావగారికి,

మునిరత్నమ్మకు నవ్వు వచ్చింది కాబట్టి అసలు సంగతి తట్టలేదు. నాకు నవ్వు రాలేదు.

పుత్తూరులో ఆకుపసరులో కోడిగుడ్డు తెల్లసొన కలిపి, గుడ్డ తడిపి, వెదురు బద్దలు పెట్టి బిగిస్తారు. ఎండితే రాయి. మా ఆయనకు రెండేళ్ళ కింద వేశారు, వేళ్ళు మడిచి ముద్ద పట్టుకోలేక నేను తినిపించాను. మీ జాబులో అక్షరం ఒక్కటి వంకర పోలేదు. అది సరే. కోడిగుడ్డు పూసిన చేత్తో మీరు పెరుమాళ్ళకు తిరుమంజనం నీళ్ళు పోస్తున్నారా? మీరా? మా నాయన చనిపోయిన రోజున కూడా మడి తప్పని మనిషి మీరు. నిజంగా ఆ కట్టు ఉంటే గర్భగుడి దాకా ఎందుకు, మీ ఇంటి పూజగది గడప దగ్గరే నిలబడిపోయేవారు.

మీరు పుత్తూరు పోలేదు. మెట్ల మీద జారలేదు. ఉత్త గుడ్డ చుట్టుకున్నారు.

ముళ్ళు దిగింది కూడా కుడి చేతికే. పెరికేయమని రాసింది నేను.

ఆ గుడ్డ కింద ఏముంది బావా?

వల్లి


తిరుపతి,
నవంబరు 22

చి. సౌ. వల్లికి ఆశీస్సులు.

నీ జాబు వచ్చి నాలుగైదు రోజులైంది. దాన్ని పూజగదిలో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను.

గుడ్డ, పెరుందేవి పాత నూలు చీర చించి నేను చుట్టుకున్నదే. కింద ఉన్నది ఇది. ముల్లు దిగిన చోట మణికట్టు దగ్గర ఒక పుండు. చిన్నది. చీము లేదు, నొప్పి లేదు, మానదు. దానికి పైన చర్మం కింద ఒక గడ్డ వచ్చింది, బఠాణీ గింజంత. తర్వాత దానికి పైన ఇంకొకటి. ఇప్పుడు మోచేతి దాకా వరుసగా ఉన్నాయి, రవికె గుండీలు కుట్టినట్టు. అన్నిటికీ మధ్య తాడులాగా ఏదో తగులుతుంది. ఒక్కటీ నొప్పి పెట్టదు. నొప్పి పెడితే బాగుండును.

ప్రతి ఉదయం స్నానం చేసేటప్పుడు ఎడమ చేత్తో కింది నుంచి పైకి తడుముకుంటాను. పైది భుజం వైపు పోతోంది. భుజం తర్వాత ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. పెరుందేవికి చంకలోకి పోయాక డాక్టరు బొమ్మ గీసి చూపించాడు.

ఆసుపత్రికి పోవాలని రెండుసార్లు బయలుదేరాను. గేటు దాకా పోయాను. లోపలి నుంచి ఆ వాసన వచ్చింది. మందుల వాసనా, ఫినాయిలూ, ఎవరో తెచ్చుకున్న ఇడ్లీ పొట్లం వాసనా. వెనక్కి వచ్చేశాను. ఏ డాక్టరూ చూడనంతవరకు దానికి పేరు లేదు. ఈ మాట తప్పని తెలుసు. ఇంటర్మీడియట్ పిల్లవాడు కూడా ఇట్లా ఆలోచించడు. నీకు చెప్పకపోవడానికి కారణం వేరే. పెరకమని రాసింది నువ్వు కాబట్టి.

ఇప్పుడు నేను ఒకటి అడుగుతాను. నీ పాత జాబులన్నీ వరుసగా పెట్టి చదివాను. నొప్పి ఉండేదా అని రెండుసార్లు అడిగావు. నేను జవాబు రాసిన తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. రవికెలు వదులు అన్నావు. పిల్లను కుడివైపు పడుకోమంటున్నావు.

మీ స్కూల్లో ఆ టీచరు పేరేమిటి?

శఠగోపం


చిత్తూరు,
నవంబరు 29

బావగారికి,

ఆ టీచరు పేరు కోమలవల్లి.

ఎడమవైపు. జులైలో స్నానం చేస్తుంటే తగిలింది. రేగికాయంత ఉండేది. ఇప్పుడు ఎంతో నాకు తెలియదు, ఎందుకంటే మీ జాబులో ‘నొప్పి ఉండేది కాదు’ అన్న మాట చదివిన రోజు నుంచి నేను చెయ్యి పెట్టడం మానేశాను. అంతవరకూ నొప్పి లేదు కాబట్టి అది కాదులే అని ధైర్యంగా ఉన్నాను.

ఆయనకు చెప్పలేదు. నా భయం చావు కాదు బావా. చావుకు భయపడను అని రాయాలని ఉంది, కానీ అదీ అబద్ధమే. దానికంటే పెద్దది ఇంకొకటి ఉంది. అక్కకు వచ్చింది. నాకు వస్తే ఇక అది మా ఇంటిది అవుతుంది. అప్పుడు శ్రీవేద ఇరవై ఏళ్ళకే రోజూ తడుముకోవడం మొదలుపెడుతుంది, మీరు చేయి తడుముకున్నట్టు. నేను చెప్పనంతవరకూ అది గుల్కందు సీసా దాచుకునే పిల్ల. చెప్పిన రోజు నుంచి ఇంకేదో అవుతుంది.

పోను అనడం లేదు. వచ్చే నెల పదహారుకు ధనుర్మాసం వస్తుంది. అక్క లేదు కాబట్టి ఈ ఏడు తిరుప్పావై నేను మా ఇంట్లో చేస్తానని మొక్కుకున్నాను. అది మధ్యలో ఆగకూడదు. ధనుర్మాసం పోనీండి, చూపించుకుంటా.

మీరు మాత్రం ఆగవద్దు. రేపే పోండి. మీకు ఏమన్నా అయితే అది నా చేత్తో రాసిన మాట వల్ల. అది నేను మోయలేను. మీ కాళ్ళు పట్టుకుంటాను.

వల్లి


తిరుపతి,
డిసెంబరు 14

వల్లీ,

నీ జాబు అందిన రోజే గేటు దాటాను. ముక్కుకు అడ్డంగా తుండుగుడ్డ పెట్టుకుని దాటాను. చర్మం డాక్టరమ్మ చిన్నపిల్ల, శ్రీవేద కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. గుడ్డ విప్పి చెయ్యి చూసింది. ఏం జరిగిందని అడగలేదు. మొదటి మాటే, ‘ఏం సార్, ఇంట్లో రోజాచెట్లు ఉండాయా?’ అంది. నేను తలుపు వైపు చూశాను, మునిరత్నమ్మ ముందే వచ్చి చెప్పిందేమో అని.

‘ముల్లు మీద, మన్నులో ఒక బూజు ఉంటాది. ముల్లుతో పాటు లోపలికి పోతాది. నిదానంగా పైకి పాకతాది. మాత్రలు వేసుకుంటే పోతాది. అయితే నెలల తరబడి వేసుకోవాల. మధ్యలో బాగైందని మానేస్తే మళ్ళీ వస్తాది’ అని నవ్వింది. ముక్క కోసి పరీక్షకు పంపింది. నిన్న ఫలితం వచ్చింది. బూజే. ఇంకేమీ కాదు.

బయటికి వచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. సంతోషం అనలేను. ఇన్ని వారాలు నేను భయపడింది ఒక బూజుకు. అదే సమయంలో నువ్వు అక్కడ ఏమీ జరగనట్టు నాకు పసుపు ముద్ద సంగతి రాస్తూ ఉన్నావు.

‘ధనుర్మాసం పోనీండి, చూపించుకుంటా.’ ఈ వాక్యం నేను ఇంతకుముందు విన్నాను. ఇదే మాట, ఇదే వరసలో. నీ జాబులో చదివినప్పుడు దస్తూరీ మారింది తప్ప మనిషి మారలేదనిపించింది. కాగితం కింద పెట్టేశాను.

నీ తిరుప్పావై నేను చేస్తాను. నీ పేరు, గోత్రం చెప్పి, రోజూ ఒక పాశురం చదివి, రోజూ ఒక రోజా పెడతాను. మిద్దె మీద మొగ్గలు సిద్ధంగా ఉన్నాయి. మొక్కు ఆగదు. నీకు ఇక సాకు లేదు.

శ్రీవేద గురించి రాశావు. మూలన ఉన్న మొక్క అడుగున మళ్ళీ ఒక లేత కొమ్మ వచ్చింది. ఈసారి వేలెడు ఉండగానే కనిపించింది. ఎక్కడ చూడాలో తెలుసు కాబట్టి. బొటనవేలితో తోస్తే ఊడి వచ్చింది. ఆ పిల్లకు కూడా ఎక్కడ చూడాలో ఎవరో ఒకరు చెప్పాలి. నువ్వే చెప్పు.

వేలూరు ఆసుపత్రికి పో. నువ్వు పోయినట్టు జాబు వచ్చేదాకా ఈ మాత్రలు వేసుకోను. బెదిరింపే.

శఠగోపం


చిత్తూరు,
డిసెంబరు 26

బావా,

మాత్రలు వేసుకోండి.

మీ జాబు చదివి శ్రీవేదను పిలిచి కూర్చోబెట్టాను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక మీ చెయ్యి సంగతి చెప్పాను, ఆ తర్వాత నాది. ఏడుస్తుందనుకున్నాను. కోపం వచ్చింది దానికి. ‘నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పుడు తెలిసేదే అమ్మా? పెద్దమ్మ మాదిరి, నీకు గంజి పోసే దినాల్లోనా? నన్ను కుడిపక్కకు తోసినప్పుడే అనుకున్నా, నామీద ఏదో కోపమని’ అంది. లేచిపోయి వాళ్ళ నాయనకు ఫోను చేసింది. కోర్టు దగ్గర నుంచి ఆయన చెమట పట్టిన చొక్కాతో వచ్చినారు. నా చెప్పులు తెచ్చి ముందు పెట్టినారు.

మరునాడే ముగ్గురం వేలూరు బస్సు ఎక్కినాము. సూది పెట్టి ముక్క తీసినారు. ఫలితం కోసం మళ్ళీ పిలిచినప్పుడు లోపల డాక్టరు కాగితం చూసి, తల ఎత్తకముందే నాకు తెలిసిపోయింది.

అదే బావా. అక్కదే.

చిన్నదిగా ఉందన్నారు. చంకలోకి పోయినట్టు కనబడలేదన్నారు. ‘బాగా ఆలస్యం చేయకుండా వచ్చినారమ్మా, ఇంకో నెల పోయుంటే ఈ మాట చెప్పలేను’ అన్నాడు. ఇంకో నెల అంటే ధనుర్మాసం. శ్రీవేద నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

జనవరి రెండున ఆపరేషను. ముప్ఫయ్యో తేదీ సాయంత్రానికి ఆసుపత్రిలో చేరాలి. తర్వాత అక్కకు ఎక్కించిన ఆ ఎర్రమందే నాకూ ఎక్కిస్తారట. జుట్టు పోతుంది, మళ్ళీ వస్తుంది అన్నాడు. అక్కకు మళ్ళీ రాలేదు. ఆ మాట అక్కడ అనలేదు. శ్రీవేద ఉంది.

పగలంతా బాగానే ఉంటాను. బీరకాయ చెక్కు తీస్తూ ఉంటే ఉన్నట్టుండి ఏం చేస్తున్నానో మరిచిపోతాను. కత్తిపీట పక్కన పెట్టి అట్లాగే కూర్చుంటాను. అక్క కూడా ఇట్లాగే కూర్చునేదా? దీనికి జవాబు రాయవద్దు.

మూలన ఉన్నది పూసిందా?

వల్లి


తిరుపతి,
డిసెంబరు 29

వల్లీ,

నీ జాబు నిన్న సాయంత్రం వచ్చింది. మాత్ర వేసుకున్నాను. ఇక మానను.

మూలన ఉన్నది ఈ రోజు విచ్చింది. ఒకే కొమ్మ, ఒకే పువ్వు. ముదురెరుపు. కొనల దగ్గర దాదాపు నలుపు. మొదటి పువ్వు కాబట్టి గోదాదేవికి అనుకున్నాను. కత్తెర తీసుకుని, తను చేసినట్టే ముఖం పక్కకు తిప్పుకున్నాను.

పోయిన మాఘంలో ఇది ఒకసారి పూసింది. అప్పటికి పెరుందేవి తల మీద ఏమీ లేదు. అయినా కోసి తీసుకుపోయి మంచం దగ్గర చూపించాను. చూసి నవ్వింది. ‘స్వామికి పెట్టండి. నేను యాడ పెట్టుకునేది?’ అంది. పెట్టాను. ఇన్నేళ్ళు తను పెంచిన పువ్వు ఒక్కటి కూడా తనకు చేరలేదని ఆ రోజు నాకు తట్టలేదు. ఈ రోజు కత్తెర చేతిలో ఉండగా తట్టింది.

ముఖం ఇటు తిప్పుకున్నాను. వంగి, ముక్కు రేకులకు తగిలేదాకా పోయి, వాసన చూశాను. ఒకసారి కాదు. చెట్టు మీద ఎట్లా ఉంటుందో తనకు తెలియదు, నిర్మాల్యంలో వాడిన వాసనే తెలుసు. నాకు అదీ తెలియదు. చాలా గాఢంగా ఉంది. కొంచెం నిమ్మతొక్కలాగా కూడా. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

ఈ పువ్వు ఇక స్వామికి పనికిరాదు.

గోదాదేవికి పక్క తొట్టిలోది పెట్టాను. నీ పేరు, గోత్రం చెప్పాను. మిగిలిన రోజులకు మునిరత్నమ్మకు పూజ అప్పగించలేను కదా, గుడి ప్రక్క వీధి ఆచార్యులుగారికి చెప్పాను. మొక్కలకు నీళ్ళు మాత్రం ఆమెకే అప్పగించాను. ‘పో సామీ, నేను చూసుకుంటా. నీ మాదిరి వాటితో గొడవ పెట్టుకోనులే’ అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని కాసేపు వదలలేదు.

పువ్వును తడిగుడ్డలో చుట్టాను. రేపు ఉదయం మొదటి బస్సుకు చిత్తూరు వస్తున్నాను. అక్కడి నుంచి మీతో పాటే వేలూరు. గేటు దగ్గర ఆగను. ఆగితే శ్రీవేదను నన్ను లోపలికి తొయ్యమను. ఈ జాబు పోస్టు చేయడం లేదు, నేనే తెచ్చి ఇస్తాను. నా ముందర చదవవద్దు.

నాకు భయంగా ఉంది. లేదని రాస్తే నువ్వు పట్టేస్తావు.

చదవడం అయ్యాక జడ వేసుకుని రా.

శఠగోపం